నేరకథలో అనుమానితులు

పాఠ్యభాగ ఉద్దేశం : నేరకథలు పుస్తకరూపంలోను, వెండితెరమీద, టెలివిజన్‌లోను విశేషమైన ఆదరణ పొందుతున్నాయి. ఉత్కంఠకోసం వాటిని చదువుతాం, చూస్తాం. కాని అటువంటి కథను ఏ విధంగా నిర్మిస్తారు, అందులో అనుమానం ఎవరి మీదికి ప్రసరిస్తుంది, ఆ అనుమానానికి ఆధారమేమిటి అన్న ప్రశ్నలు సాధారణంగా మన దృష్టికి రావు. నేరకథ నిర్మాణానికి, అందులోని పాత్రల సామాజిక నేపథ్యానికి గల సంబంధాన్ని వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

విజయవాడ నుండి చెన్నైకి పోయే రైలుమార్గంలో తెనాలి ఒక కూడలి. అక్కడినుండి ఒక శాఖ వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు చేరి అక్కడితో ముగుస్తుంది. ప్రధానమార్గం నిడుబ్రోలు మీదుగా బాపట్లకు, అటుపై చీరాలకు సాగిపోతుంది. బాపట్లకు, చీరాలకు నడుమ స్టూవర్టుపురం అనే చిన్న స్టేషను ఉన్నది. తెలుగు నేరకథకు సంబంధించినంతవరకు ఈ మార్గంలో రెండు ఊళ్ళు ముఖ్యమైనవి. ఒకటి, డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన రచయిత జన్మించిన తెనాలి. రెండవది, దొంగలకథ అనగానే ప్రేక్షకునికి మొట్టమొదట స్ఫురించే స్టూవర్టుపురం. మొదటి ఊరినుండి నేరకథను చెప్పే ఒక పద్ధతి వచ్చింది. రెండవ ఊరు ఆ కథల్లో నిందను మోసింది. రెండింటికీ మధ్య రైలులో గంట, గంటన్నర ప్రయాణం. ఆ రెండు కథనరీతుల మధ్య దూరం మాత్రం చాలా ఎక్కువ.

ముందుగా కొన్ని మాటల అర్థాలలోని భేదాన్ని గుర్తించాలి. అనుమానితుడు, నిందితుడు, దోషి అన్నవి పర్యాయపదాలు కావు. ఎవరిమీద సందేహం కలిగిందో అతడు అనుమానితుడు. ఎవరిమీద నేరం మోపబడిందో అతడు నిందితుడు. విచారణ పూర్తి అయి, న్యాయస్థానం ఎవరి నేరాన్ని నిర్ధారించిందో అతడు మాత్రమే దోషి. ఈ మూడు మెట్లనూ ఎక్కించే కథను అపరాధ పరిశోధన కథ అనవచ్చు. మొదటి మెట్టునుండి ఒక్కసారిగా మూడవ మెట్టుకు దూకే కథ దొంగలకథ అవుతుందేగాని పరిశోధనకథ కాదు. తెలుగు వార్తా చానళ్ళలో రాత్రివేళ ప్రసారమైన నేరకార్యక్రమాలలో, వ్యాఖ్యాత నోట నిందితుడు అనే మాట వినబడుతుండగానే, తెరమీద నటులు అతడు హత్య చేసినట్లు అభినయించి చూపేవారు. చెవికి నిందితుడు, కంటికి దోషి. చెవి విన్నదానికంటె కన్ను చూచినదే మనస్సులో నిలుస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

పరిశోధనకథ నిర్మాణం విచిత్రమైనది. సామాన్యకథలో కారణం ముందు, కార్యం తరువాత. పరిశోధనకథలో కార్యం ముందు కనబడి, కారణం చివరికి తెలుస్తుంది. శవంతో మొదలై, ఆ మనిషి బ్రతికి ఉన్న రోజులలోకి వెనుకకు నడుస్తుంది. అందుచేత దానిలో నిజానికి రెండు కథలు ఉంటాయి. నేరం జరిగిన కథ ఒకటి. అది అప్పటికే ముగిసిపోయింది. ఆ నేరాన్ని కనిపెట్టే కథ మరొకటి; పాఠకుని కళ్ళముందు నడిచేది ఇదే. సంస్కృత నాటకలక్షణకారులు ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణములని ఐదు సంధులను చెప్పారు. పరిశోధనకథలో శవం కనబడడం ముఖసంధి అనుకొంటే, పరిశోధకుడు అందరినీ ఒకచోట కూర్చి రహస్యం విప్పడం నిర్వహణసంధి. అయితే ఈ కథకు ప్రాణం విమర్శసంధిలో ఉన్నది. దొరికిందనుకొన్న ఫలం చేజారి, నిర్దోషి దోషిగా కనబడే ఘట్టం అది. నలభై, యాభై నిమిషాల టెలివిజన్ భాగంలో ఈ ఘట్టం ఒక్కసారి వస్తే చాలదు. ప్రకటనల విరామం వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుడు చానల్ మార్చకుండా ఉండాలి. కనుక ప్రతి విరామానికి ముందు అనుమానం ఒకరి మీదినుండి మరొకరి మీదికి మారుతుంది. మొదట వంటమనిషి, తరువాత డ్రైవరు, ఆ తరువాత ఆస్తి తగాదాలున్న అన్నదమ్ముడు. ఈ వరుసలో మొదట ఎవరు నిలబడతారు? వారే ఎందుకు? నిర్మాణాన్ని గురించిన ప్రశ్న ఇక్కడ సమాజాన్ని గురించిన ప్రశ్నగా మారుతుంది.

ప్రాచీనులు దీనిని ఎరుగనివారు కారు. కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకం మొదట ఒక చిన్న ప్రవేశకం ఉన్నది. జాలరి ఒకడు రాజముద్ర గల ఉంగరాన్ని అమ్మజూపుతూ రక్షకభటులకు చిక్కుతాడు. చేపకడుపులో దొరికిందని అతడు చెప్పిన మాట నిజం. భటులు నమ్మరు. చేతులు వెనుకకు విరిచికట్టి కొడతారు; అతని వృత్తిని ఎగతాళి చేస్తారు. పుట్టుకతో వచ్చిన వృత్తిని హేళన చేయవద్దని అతడు బదులు చెబుతాడు. ఉంగరం దొరికినదానికంటె, ఒక జాలరి చేతిలో అది ఉండడమే వారికి నేరంగా కనబడింది. రాజు ఉంగరాన్ని గుర్తించి బహుమానం పంపగానే, చంపడానికి సిద్ధపడిన భటులే అతనితో స్నేహం కలిపి కల్లంగడికి బయలుదేరుతారు. కథకు ఉంగరంతోనే పని కనుక జాలరి మళ్ళీ కనబడడు. శాకుంతలాన్ని చదివేవారు చాలామంది ఈ ప్రవేశకాన్ని హాస్యంగా భావించి ముందుకు పోతారు. అది హాస్యమే. కాని దెబ్బలు తిన్నవాడు నవ్వినట్లు మాత్రం అందులో లేదు.

శూద్రకుని మృచ్ఛకటికం ఇంతకంటె విస్తృతమైన నేరకథ. అందులో దొంగతనం, హత్యాయత్నం, తప్పుడు ఫిర్యాదు, సాక్షుల విచారణ, తీర్పు, వధ్యస్థానం అన్నీ ఉన్నాయి. మూడవ అంకంలో చారుదత్తుని ఇంటికి కన్నం వేసిన దొంగ శర్విలకుడు బ్రాహ్మణుడు. అతడు తన జందెాన్ని కన్నం కొలిచే తాడుగా వాడుకొంటాడు. దొంగ అనగానే ఫలానా కులంవాడని ఊహించుకొనే ప్రేక్షకుని ఊహను కవి అక్కడే తలక్రిందులు చేశాడు. ఎనిమిదవ అంకంలో రాజుగారి బావమరిది శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆమె చనిపోయిందనుకొని, ఆ నేరాన్ని చారుదత్తుని మీదికి నెడతాడు. తొమ్మిదవ అంకమంతా న్యాయస్థానమే. న్యాయాధికారికి చారుదత్తుని సౌశీల్యం తెలుసు. అయినా వసంతసేన నగలు చారుదత్తుని మిత్రుడైన విదూషకుని చంకనుండి జారిపడతాయి. ఆధారం ఒకవైపు, సత్యం మరొకవైపు నిలుస్తాయి. పదవ అంకంలో చారుదత్తుని వధ్యస్థానానికి తీసుకొనిపోయే చండాలురు వధను ఆలస్యం చేస్తూ పోతారు. తొందరపడరాదని, ఎవరైనా విడిపించవచ్చునని, ప్రభుత్వమే మారవచ్చునని వారిలో ఒకడు తన తండ్రి చెప్పిన మాటను గుర్తు చేసుకొంటాడు. నాటకం మొత్తంమీద దొంగ బ్రాహ్మణుడు, హంతకుడు రాజబంధువు, దయగలవారు చండాలురు. కవి ఎవరికీ ఉపన్యాసం ఇప్పించలేదు. పాత్రలను ఎక్కడ నిలపాలో అక్కడ నిలిపాడు. తెలుగులో 13వ శతాబ్దంలోనే కేతన, దండి రచనను దశకుమార చరిత్రముగా అనువదించి, చౌర్యవిద్యలో ఆరితేరిన అపహారవర్మ వంటి రాజకుమారుని మనకు పరిచయం చేశాడు. దొంగ ఎక్కడ పుట్టినవాడైనా కావచ్చునన్న ఎరుక మన సాహిత్యానికి కొత్త కాదు.

మృచ్ఛకటిక నిర్మాణంలో మరొక విశేషం ఉన్నది. హంతకుడెవరో ప్రేక్షకునికి మొదటే తెలుసు. తెలియనిది న్యాయస్థానానికి మాత్రమే. ఎవరు చేశారన్న ప్రశ్నకు బదులు, ఎలా బయటపడుతుందన్న ప్రశ్న ఉత్కంఠను కలిగిస్తుంది. 1971లో అమెరికన్ టెలివిజన్‌లో ధారావాహికగా మొదలైన కొలంబో ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రతి భాగం మొదట్లోనే హంతకుని చూపిస్తారు. అతడు చాలాసార్లు ధనవంతుడు, పేరు ప్రతిష్ఠలున్నవాడు. పరిశోధకుడు నలిగిన కోటు తొడుక్కొన్న సామాన్యుడు. దోషి ముందే తెలిసిపోయినందువల్ల, అనుమానాన్ని పనివారిమీద, బీదవారిమీద త్రిప్పవలసిన అవసరం కథకునికి కలుగదు. కథను ఏ చివరనుండి మొదలుపెట్టాలన్న నిర్ణయం కేవలం శిల్పవిషయం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆధునిక కాలంలో అపరాధ పరిశోధన తెలుగులోకి ఎక్కువగా అనువాదాల ద్వారా వచ్చింది. బెంగాలీ డిటెక్టివ్ నవలలు, ఆంగ్ల నవలలు 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో తెలుగు పాఠకులకు చేరాయి. ఆ కాలంలోనే దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ వంటి నవలలు వ్రాశాడు. అయితే డిటెక్టివ్ నవలను ఇంటింటికీ చేర్చినవారిలో ప్రముఖుడు కొమ్మూరి సాంబశివరావు. ఆయన 1926లో తెనాలిలో జన్మించాడు. ప్రసిద్ధ రచయిత చలం సోదరుని కుమారుడు. తల్లి కొమ్మూరి పద్మావతీదేవి రచయిత్రి, రంగస్థల నటి. చెన్నపట్నం నేపథ్యంగా డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని సహాయకుడు రాజును సృష్టించి, 1950ల నుండి దశాబ్దాలపాటు పాఠకులను అలరించాడు. 1994లో మరణించాడు. ఆరుద్ర వంటి పెద్దకవి కూడ కొంతకాలం డిటెక్టివ్ నవలలు వ్రాశాడన్నది గుర్తుంచుకొంటే, ఆనాటి ఈ ప్రక్రియ ఆకర్షణ ఎంతటిదో ఊహించవచ్చు.

కొమ్మూరి పుస్తకాలు గ్రంథాలయాల గాజు బీరువాలకు ఎక్కలేదు. పట్టణాలలోని అద్దె పుస్తకాల అంగళ్ళలో, రైల్వే స్టేషన్ల పుస్తకాల దుకాణాలలో అవి చేతులు మారాయి. తెనాలిలో బండి ఎక్కి ఒక పాకెట్ నవల తెరిచిన ప్రయాణికుడు, రేపల్లెలో దిగే సమయానికి హంతకుని పేరు తెలియక విసుక్కొంటూ పుస్తకాన్ని సంచిలో పెట్టుకొనే కాలం అది. పండితులు ఆ నవలలను సాహిత్యంగా లెక్కించలేదు. భాష సరళంగా ఉండడం, కథ వేగంగా నడవడం వాటికి దోషాలుగా పరిణమించాయి. ఆ అంచనా ఇప్పుడు సమంజసంగా తోచదు. చదువు అంతంతమాత్రంగా వచ్చిన ఎందరికో వరుసగా వంద పుటలు చదివే అలవాటును ఆ నవలలే నేర్పాయి.

ఆ నవలల పేర్లలోనే ఒక నిర్మాణసూత్రం దాగి ఉన్నది. ‘ప్రమీలాదేవి హత్య’, ‘లక్షాధికారి హత్య’ అన్న పేర్లను గమనించవచ్చు. శీర్షికలో చనిపోయినవారు ఉన్నారు, చంపినవారు లేరు. దోషి స్థానం ఖాళీగా ఉన్నది. కథ పొడుగునా పాఠకుడు ఆ ఖాళీలో ఒక్కొక్క పాత్రనే ఉంచి చూస్తాడు. అనుమానం అందరిమీదికీ వస్తుంది; ఆధారం దొరికితేనే ఒకరిమీద నిలుస్తుంది. ఈ ప్రక్రియలోని న్యాయం ఇదే. బంధువు, భాగస్వామి, స్నేహితుడు, చివరికి ఫిర్యాదు చేసినవాడు సైతం పరిశోధకుని ప్రశ్నకు జవాబు చెప్పవలసినదే. ఆంగ్లంలో అగాథా క్రిస్టీ 1926లో, అనగా కొమ్మూరి పుట్టిన సంవత్సరంలోనే, కథ చెప్పే వ్యక్తినే హంతకునిగా తేల్చి పాఠకులను విస్మయపరచింది. కథ చెప్పేవానికి కూడ మినహాయింపు లేదన్నమాట.

అలాగని ఈ ప్రక్రియ పక్షపాతానికి అతీతమైనదని అనుకోరాదు. 1928లో వాన్ డైన్ అనే అమెరికన్ రచయిత డిటెక్టివ్ కథకు 20 నియమాలు ఏర్పరచాడు. పనివానిని హంతకునిగా తేల్చరాదన్నది అందులో ఒకటి. చూడగానే ఇది పనివారిపట్ల దయగా తోస్తుంది. అతడు చూపిన కారణం వేరు. దోషి లెక్కించదగిన మనిషి అయి ఉండాలట. పనివాడు దోషి అయితే పాఠకునికి తృప్తి కలుగదట. పనివాడు నిందనుండి తప్పించుకొన్నాడు గాని, మనుషుల లెక్కలోకి రాలేదు. మరుసటి సంవత్సరం రొనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత చేసిన పది నియమాలలో, కథలో చైనీయుడు ఉండరాదన్నది ఒకటి. ఆనాటి చౌకబారు కథలలో రహస్యాలు, విషాలు, కుట్రలు అన్నీ చైనీయునికి అంటగట్టడం అలవాటైపోయింది. ఆ అలవాటును వెక్కిరించడానికే నాక్స్ ఈ నియమం పెట్టాడు. కాని చైనీయుని మంచివానిగా చూపవచ్చుననిగాని, పరిశోధకునిగా చూపవచ్చుననిగాని ఆ నియమం చెప్పలేదు. నిందనుండి కాపాడడానికి కథనుండే తొలగించడం పరిష్కారం ఎలా అవుతుంది?

ఇప్పుడు బాపట్ల దాటి రెండవ ఊరికి రావాలి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టాన్ని చేసింది. 1911లో చేసిన కొత్త చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడ విస్తరించింది. ఒక వ్యక్తి చేసిన పనినిబట్టి కాక, పుట్టిన సమూహాన్నిబట్టి అతనిని నేరస్థునిగా నమోదు చేయడానికి ఆ చట్టం అవకాశమిచ్చింది. నమోదైనవారు అధికారుల ముందు హాజరు పలకాలి. అనుమతిపత్రం లేనిదే ఊరు దాటరాదు. తెలుగు ప్రాంతంలో ఎరుకలవారు ఈ చట్టానికి గురి అయ్యారు. వారు గాడిదలమీద, ఎద్దులమీద తీరంనుండి ఉప్పును లోనాడుకు చేర్చి, ధాన్యం తెచ్చుకొని జీవించిన సంచార వర్తకులని, రైళ్ళు రావడంతో, ప్రభుత్వ ఉప్పువిధానంతో ఆ జీవనాధారం దెబ్బతిన్నదని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో వివరించింది. బ్రతుకుతెరువు పోయిన సంచారులను ప్రభుత్వం దొంగలుగా వ్రాసుకొన్నది. 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవసంస్థ నిర్వహణలో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరుమీద దానికి స్టూవర్టుపురమని పేరు పెట్టారు. అక్కడివారిలో కొందరిని చీరాలలోని పొగాకు కర్మాగారంలో కూలిపనికి పంపారు. మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న అది తొలగిపోయింది.

చట్టం పోయింది. కథ మాత్రం మిగిలింది. 1991లో ఒకే సంవత్సరం ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అనే రెండు చలనచిత్రాలు విడుదలయ్యాయి. రెండవ పేరును కొమ్మూరి నవలల పేర్లతో పోల్చి చూడవచ్చు. ‘లక్షాధికారి హత్య’లో దోషి స్థానం ఖాళీగా ఉంటే, ఇక్కడ శీర్షికలోనే అది పూరింపబడింది. ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు టిక్కెట్టు కొన్నప్పుడే తెలిసిపోతుంది. దొంగ శౌర్యవంతుడు కావచ్చు, త్యాగి కావచ్చు, కథానాయకుడే కావచ్చు. దొంగ కాకుండా ఉండడానికి మాత్రం అవకాశం లేదు. ఇటువంటి చిత్రాలలో కథానాయకుని పట్ల సానుభూతి లేదని అనలేం. అయితే ఆ సానుభూతి వ్యక్తికి చెందుతుంది. ముద్ర ఊరికి చెందుతుంది. చిత్రం చూచినవారు కథానాయకుని పేరును కొన్నాళ్ళకు మరచిపోతారు. ఊరి పేరును మరువరు. ఉద్యోగానికి దరఖాస్తు చేసే యువకుడు, వసతిగృహంలో గది కోరే విద్యార్థిని తమ ఊరి పేరు వ్రాయవలసిన చోట ఆ ముద్రను ఎదుర్కొనవలసి వస్తుంది.

ఆ ఊరిని మరొక విధంగా చూచినవారు లేకపోలేదు. మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుండి స్టూవర్టుపురంలో సంస్కరణోద్యమం నడిపారు. పిల్లల చదువు, కుటుంబాల ఉపాధి, ఖైదీల పునరావాసం వారు చేపట్టిన పనులు. ఆ అనుభవాలను హేమలత గ్రంథస్థం చేసింది. దశాబ్దాలపాటు అక్కడివారు బడికి, పొలానికి, ఉద్యోగానికి పోతున్న సంగతి తెరకు ఎక్కదగిన ఉత్కంఠ కలది కాదు కాబోలు. 2023లో ఆ ఊరి దొంగ జీవితం ఆధారంగా ‘టైగర్ నాగేశ్వరరావు’ చిత్రం వచ్చింది. దాని ప్రచారచిత్రం ఎరుకలవారిని, స్టూవర్టుపురాన్ని కించపరచేదిగా ఉన్నదని దాఖలైన వ్యాజ్యంలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం నిర్మాతకు నోటీసు జారీ చేసింది. తమను గురించి చెప్పిన కథకు తాము జవాబు చెప్పుకొనడానికి న్యాయస్థానం గడప ఎక్కవలసి వచ్చింది.

టెలివిజన్ నేరకథ మన దేశంలో దూరదర్శన్‌తో ప్రచారంలోకి వచ్చింది. 1985లో ‘కరంచంద్’, 1993లో బాసు చటర్జీ దర్శకత్వంలో ‘బ్యోంకేశ్ బక్షీ’ ప్రసారమయ్యాయి. 1998లో మొదలైన ‘సి.ఐ.డి.’ 20 సంవత్సరాలు సాగింది. వీటిలో ప్రతి కథ ఒకటి, రెండు భాగాలలో ముగిసేది. అంత తక్కువ వ్యవధిలో అనుమానితునికి పేరు, వృత్తి, ముఖకవళికలు తప్ప గతం ఉండడానికి వీలులేదు. అంతర్జాలం ద్వారా ప్రసారమయ్యే ధారావాహికలు వచ్చిన తరువాత ఒకే కేసు ఐదు నుండి తొమ్మిది గంటల వరకు సాగడం సాధ్యమైంది. 2020లో వచ్చిన ‘పాతాళ్ లోక్’ మొదటి భాగంలోనే నలుగురు నిందితులు పట్టుబడతారు. సామాన్యంగా కథ ముగియవలసిన చోట అది మొదలవుతుంది. పరిశోధకుడు ఒక్కొక్కరి ఊరికి, బాల్యానికి, అవమానాలకు వెనుకకు నడుస్తాడు. వ్యవధి పెరగడంవల్ల అనుమానితునికి ఇల్లు, తల్లి, చిన్ననాటి రోజులు లభించాయి. తెలుగులో కూడ 2024లో ‘వికటకవి’ 1970ల నాటి తెలంగాణ పల్లెను పరిశోధన నేపథ్యంగా స్వీకరించింది. పరిశోధకుడు చెన్నపట్నంలోనో, ముంబయిలోనో ఉండితీరాలన్న అలవాటు కొంత సడలింది.

స్టూవర్టుపురం చరిత్రకు అతి సమీపమైన కథ ఢిల్లీ నేపథ్యంలో వచ్చింది. ‘ఢిల్లీ క్రైమ్’ అనే ధారావాహిక 2019లో వెలువడి, 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం పొందింది. 2022లో వచ్చిన దాని రెండవ కథలో, నగరంలోని సంపన్న వృద్ధులు వరుసగా హత్యకు గురి అవుతారు. హత్యాపద్ధతి చూడగానే అది పూర్వం పేరుపడిన ఒక ముఠా పని అని పోలీసులు భావిస్తారు. అటువంటి కేసులలో ఆరితేరిన విశ్రాంత అధికారిని పిలిపిస్తారు. పూర్వపు నేరస్థ జాతులవారు పుట్టుకతోనే నేరస్థులన్నది అతని దృఢవిశ్వాసం. గుడిసెలమీద దాడులు జరుగుతాయి. మనుషులను గుంపులుగా తెచ్చి కూర్చోబెడతారు. దర్యాప్తుకు నాయకత్వం వహించే డి.సి.పి. వర్తికా చతుర్వేదికి ఈ ధోరణి రుచించదు. పత్రికలకు, పై అధికారులకు మాత్రం వెంటనే ఒక పేరు కావాలి. చివరకు అసలు హంతకులకు ఆ జాతితో ఏ సంబంధమూ లేదని, ఆ ముఠా పేరును, పద్ధతిని అనుకరించి నేరాన్ని వారిమీదికి నెట్టారని తేలుతుంది.

ఈ కథలో విమర్శసంధి ఎక్కడ ఉన్నదో పరిశీలించడం ఆసక్తికరం. సాధారణంగా తప్పుదారి పట్టించే ఆనవాలు ఒక వస్తువు అయి ఉంటుంది: తెగిన గుండీ, తప్పుడు సమయం చూపే గడియారం. ఇక్కడ తప్పుదారి పట్టించినది పోలీసు రికార్డులో ఒక జాతికి ఎదురుగా వ్రాసి ఉన్న పాతమాట. హంతకులు ప్రత్యేకంగా ఏ వలా పన్నవలసిన పని లేకపోయింది. 1871 నుండి పన్ని ఉన్న వల వారికి సిద్ధంగా దొరికింది. ప్రేక్షకుడు కూడ మొదటి భాగాలలో ఆ వలలోనే పడతాడు. గుడిసెలనుండి తెచ్చిన మనుషుల ముఖాలను అనుమానంతో చూచి, తరువాత తన చూపుకు తానే సిగ్గుపడతాడు. ఈ అనుభవాన్ని ఉపన్యాసంవల్ల కలిగించడం కష్టం, కథానిర్మాణంవల్ల సాధ్యమైంది.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. అనుమానితునికి గతాన్ని, గౌరవాన్ని ఇవ్వడం ఒక మెట్టు. ప్రశ్నలు అడిగే స్థానంలో ఎవరు కూర్చుంటారన్నది ఇంకొక మెట్టు. యుగంధర్‌నుండి నేటివరకు తెలుగు పరిశోధకుడు ఎక్కువగా చదువుకొన్న పట్టణవాసి, పురుషుడు. సాక్షులు అతనికి కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. అతడు లోపలికి అడుగుపెట్టడానికి సంకోచించిన ఇల్లు ఉండదు. రీమా కాగ్తీ, జోయా అఖ్తర్ రూపొందించిన ‘దహాడ్’ 2023లో ఈ సౌకర్యాన్ని తొలగించి చూపింది. అందులో పరిశోధకురాలు రాజస్థాన్‌లోని ఒక చిన్న ఊరి సబ్ ఇన్‌స్పెక్టరు అంజలి భాటీ. దళిత యువతి. ఆమె ప్రక్కనుండి నడిచిపోయినప్పుడల్లా స్టేషనులోని ఉద్యోగి ఒకడు అగరువత్తి వెలిగిస్తాడు. విచారణకు వెళ్ళిన ఇంటి గడపలోనే ఆమెను ఆపుతారు. మాయమైన స్త్రీలు బీదకుటుంబాలవారు, వెనుకబడిన కులాలవారు కనుక చాలాకాలం ఆ కేసులను కలిపి చూచినవారే లేరు. అదే ఊరిలో అగ్రవర్ణ యువతి ఒకతె ముస్లిం యువకునితో వెళ్ళిపోతే మాత్రం స్టేషను ముందు జనం గుమికూడుతారు. హంతకుడు కళాశాలలో సాహిత్యం బోధించే అధ్యాపకుడు, మృదుభాషి, ఊరివారి గౌరవం పొందినవాడు. అధ్యాపకులకు ఇది అంత ప్రీతికరమైన పాత్ర కాదు గాని, అనుమానం ఎవరిమీదికి సులభంగా పోదో తెలుపడానికి ఇంతకంటె తగిన పాత్ర దొరకదు. ఈ కథ కూడ మృచ్ఛకటికం వలెనే దోషిని దాదాపు మొదటినుండి ప్రేక్షకుని ఎదుటనే ఉంచుతుంది. ఎవరు అన్న ప్రశ్నకు బదులు, ఇతనిని ఎవరూ ఎందుకు అనుమానించలేదన్న ప్రశ్న కథను నడుపుతుంది.

అంజలి ఇంటిపేరు నిజానికి భాటీ కాదు, మేఘ్వాల్. కులం తెలియకుండా ఉండడానికి ఆమె తండ్రి ఆ పేరు మార్పించాడు. కేసు ముగిసి, స్త్రీల అదృశ్యాల లెక్క తేలిన తరువాత, ఆమె ఒక కార్యాలయంలో దరఖాస్తు నింపుతుంది. తన ఇంటిపేరును మరల మేఘ్వాల్‌గా నమోదు చేయమని కోరే దరఖాస్తు అది.

కఠిన పదాలకు అర్థాలు

ప్రవేశకం = నాటకంలో రెండు అంకాల నడుమ చిన్న పాత్రలతో నడిచే సన్నివేశం
సంధి = నాటక కథలో ఒక ఘట్టం మరొక ఘట్టంతో కలిసే విభాగం
వధ్యస్థానం = మరణశిక్ష అమలు జరిపే చోటు
లోనాడు = సముద్రతీరానికి దూరంగా ఉన్న ప్రాంతం
సౌశీల్యం = మంచి నడవడిక
వ్యాజ్యం = న్యాయస్థానంలో వేసిన దావా

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానం వ్రాయండి.
1. పరిశోధనకథకు, దొంగలకథకు గల భేదాన్ని కొమ్మూరి నవలల పేర్లు, 1991 నాటి చలనచిత్రాల పేర్ల ఆధారంగా వివరించండి.
2. ‘ఢిల్లీ క్రైమ్’ రెండవ కథలో తప్పుదారి పట్టించిన ఆనవాలు ఏది? స్టూవర్టుపురం చరిత్రతో దానికి గల సంబంధాన్ని చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానం వ్రాయండి.
1. శాకుంతలంలోని జాలరిని భటులు ఎందుకు నమ్మలేదు?
2. వాన్ డైన్, నాక్స్ నియమాలలోని లోపాలను తెలపండి.
3. దోషి ఎవరో ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఎలా కలుగుతుంది?

III. ఏకవాక్య సమాధానం వ్రాయండి.
1. డిటెక్టివ్ యుగంధర్ సహాయకుని పేరేమి?
2. మృచ్ఛకటికంలో కన్నం వేసిన దొంగ ఎవరు?
3. స్టూవర్టుపురానికి ఆ పేరు ఎవరి పేరుమీద వచ్చింది?

IV. భాషాకార్యం : అనుమానితుడు, నిందితుడు, దోషి అనే పదాలను వాటి అర్థభేదం తెలిసేటట్లు సొంతవాక్యాలలో ప్రయోగించండి. ఒక దినపత్రికలోని నేరవార్తను తీసుకొని, అందులో ఈ పదాలు సరిగా వాడబడ్డాయో లేదో పరిశీలించి వ్రాయండి.